చందాపుర వాగు: బొమ్మసంద్ర నుంచి కెలవరపల్లి దాకా

మన ఇంటి చరిత్ర అని రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎక్కువగా నెల్లూరు వైపు సంగతులే రాస్తూ వచ్చాం. పెన్న గట్టు, పాత ఇల్లు, తాతముత్తాతలు, ఎవరి పొలం ఎక్కడ ఉండేది, అన్నీ చెప్పుకున్నాం. చందాపురలో ఇప్పుడు మాది మూడో తరం. ఇక్కడ పుట్టిన పిల్లలకు పెన్న అంటే సెలవుల్లో చూసే ఇసుక. వాళ్లు రోజూ చూసేది ఇంటికి దగ్గర్లో కల్వర్టు కింద పారే నల్లటి నీళ్లు. దాన్ని వాళ్లు "మోరీ" అంటారు. పెద్దవాళ్లం మేమూ అదే అంటాం. ఆ మోరీకి ఒక చరిత్ర ఉంది. ఈసారి అది రాస్తాను.

దానికి ఒక పేరంటూ లేదు. సర్కారు కాగితాల్లో రాజకాలువె, పల్లెల్లో హళ్ళ. మన భాషలో వాగు, సీమవాళ్లయితే వంక అంటారు. పేరు లేకపోయినా దారి మాత్రం ఉంది. ఆ దారి వెంట నడిస్తే మూడు భాషలు, రెండు రాష్ట్రాలు, నాలుగైదు వందల ఏళ్ల కథ కనిపిస్తుంది.

నీరు ఎటు పోతుంది?

బెంగళూరు ఒక మిట్ట మీద కూర్చుని ఉంది. మిట్టకు పడమట పడిన వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతుంది. తూర్పున పడింది దక్షిణ పినాకినికి పోతుంది. మా ఆనేకల్ తాలూకాలోనే ఈ రెండు దారులూ ఉన్నాయి. బన్నేరుఘట్ట కొండల వైపు నీరు సువర్ణముఖి వాగుగా అర్కావతి దారి పడుతుంది. మా వైపు నీరు తూర్పుకు తిరుగుతుంది. బొమ్మసంద్ర వైపు మెరక నుంచి చందాపుర కెరెకు, అది నిండితే ముత్తానల్లూరు కెరెకు, అక్కడి నుంచి బిదరగుప్పె వైపు, చివరికి దక్షిణ పినాకినికి. ఆ ఏరు బాగలూరు దగ్గర తమిళనాడులోకి దిగి, హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్టలో ఆగుతుంది. అక్కణ్ణుంచి కృష్ణగిరి, సాత్తనూరు జలాశయాలు దాటి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఇక్కడ మన నెల్లూరు వాళ్లకు ఒక చుట్టరికం కలుస్తుంది. పెన్నకు ఉత్తర పినాకిని అని ఇంకో పేరు. అదీ, దక్షిణ పినాకినీ రెండూ నంది కొండల చుట్టుపక్కలే పుడతాయి. ఒకటి ఉత్తరానికి పోయి హిందూపురం, కడప సీమలు దాటి నెల్లూరు దగ్గర సముద్రం చేరుతుంది. రెండోది దక్షిణానికి దిగుతుంది. తమిళంలో దాని పేరు తెన్‌పెణ్ణై, అంటే దక్షిణపు పెన్న అనే. పొన్నైయారు అని కూడా అంటారు. పెన్న గట్టు వదిలి వచ్చామని మా పెద్దలు బాధపడేవారు గానీ, వాళ్లు వచ్చింది దాని తోబుట్టువు దగ్గరికే.

సంద్ర అంటే సముద్రమే

హోసూరు రోడ్డు మీద బోర్డులు చదవండి: సింగసంద్ర, బొమ్మసంద్ర. కాస్త లోపలికి వెళితే కమ్మసంద్ర, దొమ్మసంద్ర. ఈ "సంద్ర" సముద్రమే. సముద్రం అంటే పెద్ద చెరువు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది చూశారా, అదే లెక్క. చెరువు కట్టించినవాళ్ల పేరు చెరువుకు, చెరువు పేరు ఊరికి. నోళ్లలో అరిగి అరిగి సముద్రం సంద్ర అయింది. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైను బొమ్మసంద్రలో ఆగుతుంది. బోర్డు మీద రోజూ వేలమంది చదివే ఆ పేరులో చెరువు ఉంది, చుట్టూ చూస్తే ఫ్యాక్టరీ గోడలు.

ఈ దేశంలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. వాన ఏడాదిలో కొన్ని నెలలే. అందుకని వాగును మెట్లు మెట్లుగా ఆపారు. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు రాబడి. కింది చెరువు నిండితే దాని కిందిదానికి. ఒక గొలుసు. పైవాడు కట్ట ఎత్తు పెంచితే కిందివాడి మడి ఎండుతుంది. పైవాడి కట్ట తెగితే కిందివాడి కట్టా తెగుతుంది. కాబట్టి ఒక ఊరు ఇంకో ఊరితో మాట్లాడకుండా బతకడం కుదరదు.

ఆ మాటలు ఏ భాషలో జరిగాయన్నది వేరే ప్రశ్న. మాటలు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి. మన చెరువు వాళ్ల కెరె. మన తూము వాళ్ల తూబు. మన అలుగు వాళ్ల కోడి. చెరువు కట్టను కన్నడంలో ఏరి అంటారు, తమిళంలో చెరువునే ఏరి అంటారు. నీళ్లు వంతులవారీగా వదిలే మనిషి ఇక్కడ నీరుగంటి, రాయలసీమలోనూ దాదాపు ఆ పేరే. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూడడం, కట్ట మీద ఎలుక బొక్క కనపడితే ఊరికి చెప్పడం అతని పని. పంటలో అతనికి వాటా ఉండేది.

చెరువు కట్టినవాళ్లకు, పాడైన చెరువును బాగుచేసినవాళ్లకు పన్ను లేని పొలం ఇచ్చే పద్ధతి ఉండేది. ఈ వైపు శాసనాల్లో దాన్ని కట్టుకొడిగె అన్నారు. మన వైపు దశబంధం అన్నారు. రెండూ ఒకే ఆలోచన: నీరు నిలబెట్టిన మనిషిని ఊరు నిలబెట్టాలి. 1866లో మైసూరు రాజ్యపు చీఫ్ ఇంజినీరు మేజర్ శాంకీ లెక్కలు తీయించి, ఈ రాజ్యంలో కొత్త చెరువు కట్టడానికి చోటు వెతకాలంటే చాలా తెలివి ఉండాలన్న అర్థంలో రాశాడు. బెంగళూరులో శాంకీ కెరె ఉన్నది ఆయన పేరుమీదే. అంటే 150 ఏళ్ల కిందటే, ఆపగలిగిన ప్రతి నీటి చుక్కనూ మనవాళ్లు ఆపేశారన్నమాట.

ఆనేకల్ పాళెగాళ్లు

చందాపుర పెద్ద ఊరు కాదు. హోసూరు రోడ్డు నుంచి ఆనేకల్‌కు తిరిగే మలుపు అది. పాత రోజుల్లో పెద్ద ఊరంటే ఆనేకల్. ఆ పేరుకు వడగల్లు అని అర్థం చెబుతారు. ఆనె అంటే ఏనుగు కాబట్టి ఏనుగు రాయి అనేవాళ్లూ ఉన్నారు. 17వ శతాబ్ది మొదట్లో సుగటూరు పాళెగాళ్ల వంశం ఇక్కడ కోట కట్టింది, పెద్ద చెరువు తవ్వించింది. కోట ఒక్కటి కట్టి ఊరుకోలేదు, గమనించండి. చెరువు లేకపోతే కోటలోకి జనం రారు.

సుగటూరు వాళ్లు మొరసు నాటివాళ్లు. మొరసు నాడంటే ఇప్పటి కోలారు, బెంగళూరు తూర్పు వైపు, హోసూరు దాకా ఉన్న మెట్ట సీమకు పాత పేరు. మొరసు ఒక్కలిగల్లో కన్నడం మాట్లాడేవాళ్లూ ఉన్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. బెంగళూరు కట్టిన కెంపేగౌడ కూడా మొరసు ఒక్కలిగే. కాబట్టి ఐటీ ఉద్యోగాలతోనే తెలుగు ఇక్కడికి వచ్చిందని ఎవరైనా అంటే, ఆనేకల్ సంతలో ఒక గంట నిలబడమనండి. "ఏమప్పా, బాగుండారా?" అని పలకరించుకునే ముసలివాళ్ల తాతలు ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కారు. వాళ్ల తెలుగులో సగం కన్నడం కలిసి ఉంటుంది, కన్నడంలో సగం తెలుగు. మన పిల్లలు మాట్లాడే కలగాపులగం భాష చూసి మనం బెంగపడతాం గానీ, ఈ నేల మీద అదే పాత పద్ధతి.

ఇంకో ఆధారం: ఆనేకల్ దగ్గర కొండ మలుపులో ఒక జలపాతం ఉంది. పేరు ముత్యాల మడువు. మడువు అంటే మడుగు. ముత్యాలు కన్నడంలో ముత్తు, "ముత్తిన" కావాలి. "ముత్యాల" మన మాట. కన్నడ సర్కారు బోర్డు మీదా ఆ పేరే రాసి ఉంటుంది, ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆనేకల్‌కు చరిత్రలో ఒక రాత్రి ఉంది. 1760 ఆగస్టులో శ్రీరంగపట్నంలో ఖండేరావు ఎదురు తిరిగితే హైదర్ అలీ కుటుంబాన్ని అక్కడే వదిలేసి, రాత్రికి రాత్రి గుర్రం మీద పారిపోయాడు. ఆయన ముందు చేరింది ఆనేకల్‌కే. అప్పుడు ఆ కోట ఆయన బావమరిది ఇస్మాయిల్ అలీ చేతిలో ఉంది. అక్కడి నుంచి బెంగళూరు కోటను దక్కించుకుని, మళ్లీ బలగం కూడగట్టుకుని, ఏడాది తిరగకుండా మైసూరుకు యజమాని అయ్యాడు.

ఇంకొంచెం తూర్పున సర్జాపుర. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు పేరు. ఒకప్పుడు సన్నని మస్లిన్ నేతకు పేరు. నేతకూ, అద్దకానికీ నీళ్లు కావాలి. ఆ వైపు ఊళ్లకూ చెరువులే ఆధారం.

ఊరి పేర్ల వెంట

వాగు వెంట కిందికి పోదాం. బొమ్మసంద్ర తర్వాత చందాపుర, పక్కనే రైలు స్టేషను ఉన్న హీలలిగె. తర్వాత ముత్తానల్లూరు. నల్లూరు అన్నది తమిళపు ముగింపు. 11వ శతాబ్ది మొదట్లో చోళులు గంగవాడిని గెలిచాక ఈ వైపు తమిళ శాసనాలు, తమిళ పేర్లు వచ్చాయి. వెయ్యేళ్లయింది. చోళులు పోయారు, ముత్తానల్లూరు అన్న పేరు కర్ణాటకలోనే ఉండిపోయింది. అక్కడి కెరె ఈ తాలూకాలో పెద్దవాటిలో ఒకటి. కట్ట మీద నిలబడితే అవతలి గట్టు మసగ్గా కనిపిస్తుంది.

ఆ తర్వాత బిదరగుప్పె. బిదిరు అంటే కన్నడంలో వెదురు, గుప్పె అంటే కుప్ప. వెదురు కుప్ప. నీరున్న చోట వెదురు ఉంటుంది కదా.

సరిహద్దు దాటితే కెలవరపల్లి. ఇక్కడ ఒక చిన్న సంగతి. పాత కన్నడంలోని "ప" చాలాచోట్ల "హ" అయింది. పాలు హాలు అయినట్టే పల్లి హళ్ళి అయింది. తెలుగులో, తమిళంలో పల్లి పల్లిగానే మిగిలింది. మా వైపు ఊళ్లన్నీ హళ్ళి. హోసూరు దాటేసరికి పల్లి. రాజాజీ 1878లో పుట్టిన ఊరు కూడా హోసూరు దగ్గరి తొరపల్లి. తమాషా ఏమిటంటే హోసూరు అన్న పేరే కన్నడం: కొత్త ఊరు. తమిళనాడులో కన్నడ పేరు, కర్ణాటకలో తమిళ పేరు, రెండింటికీ నడుమ తెలుగు సంత.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషా రాష్ట్రాలు వచ్చినప్పుడు గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పలేదు. ఆనేకల్ మైసూరులో ఉండిపోయింది. హోసూరు మద్రాసు రాష్ట్రపు సేలం జిల్లాలో మిగిలింది. రెండు పక్కలా తెలుగు ఇళ్లున్నాయి. బడిలో ఒక పక్క కన్నడం, ఇంకో పక్క తమిళం నేర్చుకుని ఇంటికొచ్చి తెలుగు మాట్లాడారు. 2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి లోక్‌సభకు గెలిచిన గోపీనాథ్ తెలుగులో ప్రమాణం చేస్తే ఢిల్లీలో చాలామంది ఆశ్చర్యపోయారు. ఈ వాగు వెంట ఉండేవాళ్లకు అందులో వింత లేదు.

ఇక హుస్కూరు మద్దూరమ్మ జాతర. చందాపురకు దగ్గరే. చుట్టుపక్కల ఊళ్లు వేటికవి వంద అడుగులు దాటే తేర్లు కట్టుకుని, ఎడ్లతో, ఇప్పుడు ట్రాక్టర్లతో కూడా, హుస్కూరుకు లాక్కొస్తాయి. వెదురు, కొయ్య, రంగుగుడ్డలు. ఊగుతూ వస్తుంటే గుండె జారుతుంది. గాలికి తేరు ఒరిగి కూలిన ఏడాదులూ ఉన్నాయి. ఊళ్ల మధ్య పాత బాటలు, చెరువు కట్టలు ఎటు పోతాయో తేర్లు నడిచే దారి చూస్తే తెలుస్తుంది. జాతర వేసవి మొదట్లో, మడి పనులు లేని రోజుల్లో వస్తుంది.

ఫ్యాక్టరీలు, ఆ తర్వాత

1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఎగువనున్న మైసూరు, ఒప్పందంలో పేర్కొన్న నదుల మీద దిగువవాళ్ల సమ్మతి లేకుండా కొత్త జలాశయాలు కట్టకూడదని దాని సారాంశం. పెన్నైయారు కూడా ఆ జాబితాలో ఉంది. 2018లో తమిళనాడు ఈ ఏటి నీళ్ల మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోలారు జిల్లాలో మార్కండేయ ఉపనది మీద అప్పట్లో కడుతున్న ఆనకట్ట ఆ గొడవకు కారణం.

ఆ తగాదా అంతా నీరు ఎంత వస్తుందన్నదాని గురించే. ఎలాంటి నీరు వస్తుందన్న ప్రశ్న 1892లో ఎవరికీ తట్టలేదు. తట్టే అవసరమూ లేదు.

1978లో ఆర్.కె. బాళిగ ఆధ్వర్యంలో కియోనిక్స్, కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు ఊళ్ల దగ్గర 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ సిటీ మొదలుపెట్టింది. వెనకే బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామిక వాడలు. మా నాన్నగారు ఈ ఊరు వచ్చింది ఆ అలలోనే, 1980ల చివర్లో. చిత్తూరు, అనంతపురం, కడప, నెల్లూరు నుంచి ఆ రోజుల్లో వచ్చిన కుర్రాళ్లు ఒక గదిలో ఆరుగురు పడుకుని, వంతులవారీగా వండుకుని, షిఫ్టులు చేసి నిలబడ్డారు. వాళ్ల కష్టంతోనే ఇవాళ మనకు ఇక్కడ ఇళ్లున్నాయి. అదీ ఈ వాగు చరిత్రలో భాగమే, దాన్ని చిన్నచూపు చూడను.

కానీ అదే కాలంలో బోర్లు వచ్చాయి. బోరు వచ్చాక చెరువుతో రైతుకు పని తగ్గింది. నీరుగంటి కొడుకు ఫ్యాక్టరీలో చేరాడు. తూము ఎవరూ ఎత్తడం లేదు. కట్ట మీద తుమ్మ మొలిచింది. పైనుంచి వచ్చే నీటిలో వాన వాటా తగ్గి, ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థం వాటా పెరిగింది. గొలుసు మాత్రం అలాగే పనిచేస్తోంది. ఒకప్పుడు ఏ దారిన నీరు పంచుకున్నారో, ఆ దారినే మురుగు పంచుకుంటున్నారు. చందాపురలో నురుగు లేస్తే అది ముత్తానల్లూరుకు పోతుంది. దక్షిణ పినాకినికి బెళ్ళందూరు, వర్తూరు వైపు మురుగూ తోడవుతుంది. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర తెల్లటి నురుగు గుట్టలు గుట్టలుగా తేలే ఫొటోలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. ఆ నీటితోనే హోసూరు రైతులు పంట పండించుకోవాలి.

2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చందాపుర కెరెను కాపాడలేకపోయినందుకు కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయల పరిహారం కట్టాలని ఆదేశించింది. ఊరి పేరు దేశం మొత్తం వినిపించింది, అదీ ఇందుకు. పరిహారం అంకె పెద్దదే. దాని వెనక ఉన్న సంగతి ఇంకా పెద్దది: నాలుగైదు వందల ఏళ్లుగా ఊళ్లు కలిసి నడిపిన ఒక ఏర్పాటు ఒక్క తరంలో పాడయింది. ఆ ఒక్క తరం మనది.

బాగుపడదని కూడా అనలేం. ఎగువన హెబ్బగోడి కెరెను బయోకాన్ ఫౌండేషన్ పూనుకుని బాగు చేయించింది. నీటిపై తేలే మొక్కల తెప్పలు వేశారు, గట్టు సరిచేశారు. అక్కడ ఇప్పుడు పొద్దున్నే నడిచేవాళ్లున్నారు, పక్షులున్నాయి. ఒక కెరె బాగుపడితే గొలుసులో దాని కిందిదానికీ అంత మేలు.

మన వంతు

బయట రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక అలవాటు చూస్తుంటాం. భాష పోకూడదని పిల్లలకు పద్యాలు నేర్పిస్తాం, ఉగాదికి పచ్చడి చేస్తాం, సంక్రాంతికి ఊరు వెళ్తాం. ఉంటున్న నేలను మాత్రం అద్దె ఇల్లులాగే చూస్తాం, సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా. కెరె వాళ్లది, ఫ్లాటు మాది. అలా అనుకున్నంత కాలం మనం ఎన్ని తరాలు ఉన్నా వచ్చినవాళ్లమే.

చేయగలిగిన పనులు చిన్నవే. కర్ణాటకలో ఉన్నవాళ్లు దిశాంక్ యాప్‌లో తమ ఇంటి సర్వే నంబరు చూసుకోండి. ఆ ఊరి పాత నక్ష తీసి కెరె, రాజకాలువె, గుండుతోపు ఎక్కడెక్కడ ఉన్నాయో పోల్చి చూడండి. స్థలం కొనేముందు చూస్తే డబ్బూ మిగులుతుంది, పాపమూ తప్పుతుంది. అపార్ట్‌మెంటు సంఘం మీటింగులో మురుగు శుద్ధి యంత్రం నడుస్తోందా, కరెంటు ఖర్చని రాత్రిళ్లు ఆపేస్తున్నారా అని ఒక్కసారి అడగండి. చాలాచోట్ల ఆ ప్రశ్న అడిగినవాళ్లే ఉండరు.

పిల్లలకు పేర్లు చెప్పండి. బొమ్మసంద్ర, చందాపుర, ముత్తానల్లూరు, బిదరగుప్పె, కెలవరపల్లి. వరసగా చెబితే అదే ఒక వంశవృక్షం. మన ఇంటి వంటగదిలో పారబోసిన నీరు కొన్ని రోజులకు హోసూరులో మనలాగే తెలుగు మాట్లాడే ఎవరో రైతు మడిలోకి చేరుతుందని చెప్పండి. ఆయన ఎవరో మనకు తెలియదు, ఆయనకు మనం తెలియదు. ఒకప్పుడైతే నీరుగంటికి ఇద్దరూ తెలిసి ఉండేవారు.

హోసూరు, కోయంబత్తూరు, షోలాపూర్, ఖరగ్‌పూర్, ఇంకా దూరాన సముద్రాల అవతల ఉన్న మన చుట్టాలకు, స్నేహితులకు ఒక మాట. మీ ఇంటి పక్కన పారే నీరు ఏ ఏటిలో కలుస్తుందో, దారిలో ఏ ఊళ్లున్నాయో, ఆ పేర్లకు అక్కడివాళ్లు ఏ అర్థం చెబుతారో కనుక్కుని రాసి పంపండి. పెద్ద వ్యాసం అక్కర్లేదు, అర పేజీ చాలు. మన పెన్న కథల పక్కనే వాటినీ పెడదాం.